అద్దాలాయన తాబేళ్ళ తొట్టి

మా వీధిలో అద్దం లేని ఇల్లు లేదు, ఎదురింటి అద్దాలాయన చెయ్యి పడని అద్దమూ లేదు. కిటికీలకూ, బీరువా తలుపులకూ, గోడ మీది ఫొటోలకూ, ఆఖరికి మా ఇంట్లో మందుల పెట్టెకూ ఆయన కోసిన అద్దమే. అందుకని ఆయన సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా ధీమా. తెలియనిదేదైనా ఉంటే వెళ్ళి అడిగేదాన్ని. ఆయన ఓ పట్టాన చెప్పేవాడు కాదు. చెప్పేదాకా నేనూ లేచేదాన్ని కాదు.

ముందు గదిలో కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. కొట్లో గోడల వెంబడి నిలువుటద్దాలు ఆనించి ఉంటాయి. గడప దాటగానే మనకు మనమే నలుగురం ఎదురొస్తాం. మధ్యలో పెద్ద బల్ల, దాని మీద పాత కంబళి. ఆ కంబళి మీద అద్దం పడుకోబెట్టి, కొలబద్ద ఆనించి, మొనలో వజ్రపు ముక్క ఉన్న కలంతో ఒక్క గీత గీస్తాడు. కిర్రుమని సన్నటి చప్పుడు. ఆ పైన అంచు కింద వేళ్ళు పెట్టి కాస్త పైకి అంటే చాలు, గీసిన చోట గీసినట్టు రెండుగా వచ్చేస్తుంది. ఎన్నిసార్లు చూశానో, చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. గీసిన గీత మీద రెండోసారి గీయకూడదట. గీస్తే ఎటు పగలాలో అద్దానికే తెలియదంటాడు.

నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు భార్య పూడ్చేది. ఆవిడ నన్ను వదినా అంటుంది, ఆయన అక్కా అంటాడు. ఏ చుట్టరికమూ లేదు, ఎదురెదురు ఇళ్ళు, అంతే. వాళ్ళకు ఒక్కతే కూతురు. నన్ను అత్తా అని పిలిచేది. తల్లి మాటలూ తండ్రి చేతులూ వచ్చాయి దానికి.

ఆ పిల్ల బడికి వెళ్ళే రోజుల్లో ఓ సాయంత్రం నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సంచీ పట్టుకొచ్చింది. అందులో ఒక తాబేలు పిల్ల, కోటు బొత్తామంత ఉంది. ఇంట్లో రభస. కుక్కనా, పిల్లినా, ఇదేం పెంపకమని తల్లి దులిపేసింది. అప్పుడా పిల్ల తడుముకోకుండా, "నాన్నలాగే ఉంటుందమ్మా. అరవదు, కరవదు, ఎవరైనా పలకరిస్తే తల లోపలికి లాక్కుంటుంది" అంది. తల్లికి నవ్వాగలేదు. ఆయన కూడా నవ్వాడు. ఆయన పళ్ళు నేను చూసింది అలాంటి ఏ ఒకటి రెండు సార్లో.

దానికి బొత్తాం అని పేరు పెట్టారు. ఆయన దానికోసం గాజు తొట్టి కట్టాడు. మూలలు బంకతో అతికించి, అంచులు సానపట్టి, మధ్యలో ఎక్కి కూర్చోవడానికి ఒక చదును రాయి, పైన వెచ్చదనానికి ఒక బల్బు. నీళ్ళ తాబేలుకు ఈత ఎంత ముఖ్యమో ఆరడమూ అంతే ముఖ్యమట, ఒళ్ళు పూర్తిగా ఆరకపోతే జబ్బు పడుతుందట. ఇదంతా ఆ పిల్లే ఎక్కడో చదివి వచ్చి మాకు చెప్పేది. బొత్తాం రాయెక్కి, మెడ బయటికి సాచి, వెనక కాళ్ళు రెండూ గాలిలోకి చాపి కళ్ళు మూసుకునేది. ఎగరబోయి మధ్యలో నిద్రపోయినట్టుండేది.

ఆ పిల్ల కాలేజీలో చేరిన ఏడే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. అంటుకునే రకమని ఆస్పత్రిలో గాజు గోడ ఉన్న గదిలో పెట్టారు. లోపలికి ఒక్కరికే అనుమతి, అదీ మూతికి గుడ్డ కట్టుకుని. తల్లి లోపల ఉండిపోయింది. తండ్రి బయట, వసారాలో, ఆ గాజు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను వెళ్ళినప్పుడల్లా అదే చోట. కుర్చీ వేస్తే కూర్చోలేదు, టీ తెచ్చిస్తే చల్లారిపోయేది. "నేను కనిపిస్తుంటే దానికి ధైర్యం అక్కా" అనేవాడు. లోపల్నుంచి ఆ పిల్ల చెయ్యి ఊపేది, నవ్వేది. ఈయనా చెయ్యి ఊపేవాడు.

ఆఖరి రోజున లోపల్నుంచి ఒక నర్సమ్మ వచ్చి గాజుకు అడ్డంగా పరదా లాగేసింది. ఆయన తట్టాడు, బతిమాలాడు. పరదా తీయలేదు. సాయంత్రానికి అంతా అయిపోయింది.

ఆ పరదాను ఆయన మరిచిపోలేదు. ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి, ఆ నర్సమ్మను మాత్రం తిట్టేవాడు. కడసారి చూపు లేకుండా చేసింది, ఆవిడకూ పిల్లలుండరా అనేవాడు. ఆవిడ మా పక్క వీధిలోనే ఉంటుంది. ఒకసారి ఏదో ఫొటోకు అద్దం వేయించుకుందామని కొట్టుకు వస్తే, తలెత్తకుండా "అద్దం లేదు" అన్నాడు. చుట్టూ గోడల నిండా అద్దాలే. ఆవిడ తనను తాను అన్ని వైపులా ఓసారి చూసుకుని వెళ్ళిపోయింది. అప్పుడు ఆయన భార్య గుమ్మంలోనే ఉంది. అంత మాటకారి ఒక్క మాటన్నా అనలేదు. నాకది వింతగానే తోచింది. కూపీ లాగాలని చూశాను కానీ కుదరలేదు.

కూతురు పోయాక బొత్తామే ఆయన లోకం. రోజూ నీళ్ళు మార్చడం, పాత కాగితంతో అద్దం లోపలా బయటా తళతళలాడేలా తుడవడం. బల్లను కూడా తొట్టికి ఎదురుగా జరుపుకున్నాడు. ఒక గీత గీయడం, తలెత్తి చూడడం. ఎవరితోనూ మాట్లాడనివాడు దాన్ని "ఏమ్మా, తిన్నావా" అని అడిగేవాడు.

అలా ఉండగా ఒకాయన వేరే ఊరికి మారిపోతూ కొట్టుకు వచ్చాడు. వాళ్ళింట్లో ఒక తాబేలు ఉందనీ, కూడా తీసుకెళ్ళలేమనీ, మీ దగ్గర ఇప్పటికే ఒకటుంది కాబట్టి రెండూ కలిసి ఉంటాయనీ అన్నాడు. ఇది భోజనం పళ్ళెమంత ఉంది. బొత్తాం అప్పటికి టీ సాసరంత.

భార్య వద్దంది. ఉన్న ఒక్కదాన్ని చూసుకుంటే చాలదా అంది. ఆయన వినలేదు. "ఒక్కత్తే గాజు గదిలో పడుంది. చూడలేకపోతున్నాను" అన్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

కొత్తదాన్ని తొట్టిలో వదిలిన రోజున వీధంతా వచ్చి చూసింది. అది తిన్నగా వెళ్ళి రాయెక్కి, మెడ నిక్కించి మమ్మల్నందర్నీ ఓ చూపు చూసింది. ఇస్త్రీ అతను "మేనేజరు వచ్చాడు, అందరూ ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళండి" అన్నాడు. ఆ పేరే ఖాయమైపోయింది. కాసేపటికి బొత్తాం కూడా రాయెక్కితే మేనేజరు దాని వీపు మీదికెక్కి కూర్చుంది. మేమంతా మురిసిపోయాం. ఉప్పుమూట ఆడుతున్నట్టు ఎంత ముద్దుగా ఉన్నాయో అనుకున్నాం. నీళ్ళలో మేనేజరు ముందు కాళ్ళు రెండూ చాపి బొత్తాం మొహం ముందు గోళ్ళు టపటపలాడించేది. పౌడరు రాస్తోందని ఒకరు, బుగ్గలు నిమురుతోందని ఇంకొకరు. అద్దాలాయన మొహంలో వెలుగు వచ్చింది. తోడు దొరికిందక్కా దీనికి, అన్నాడు నాతో.

నాకు ఎదురింటి సంగతులు చూడడం కంటే పెద్ద పనేముంది? చూస్తూ వచ్చాను. ఎప్పుడు చూసినా మేనేజరే పైన, బొత్తామే కింద. బల్బు వేడంతా మేనేజరు వీపుకే. కొన్నాళ్ళకు బొత్తాం రాయెక్కడమే మానేసింది. మేత వేస్తే మేనేజరు రెండు వాటాలూ తినేసేది, బొత్తాం తల బయటికే పెట్టేది కాదు. ఒకరోజు నీళ్ళు మారుస్తూ ఆయన దాన్ని చేతిలోకి తీసుకుంటే తోక చివర ఎర్రగా కొరికిన గాటు. ఆయన మొహం వాడిపోయింది.

మేనేజరును ఎవరికైనా ఇచ్చేద్దామని భార్య నలుగుర్నీ అడిగింది. ముద్దుగా ఉందన్నవాళ్ళే తప్ప మాకివ్వండి అన్నవాళ్ళు లేరు. చెరువులో వదిలేస్తే అక్కడుండే వాటికి చేటట, అదీ కుదరదు. ఆయన అంత ఆలోచించనే లేదు. తనకు చేతనైన పని చేశాడు. తొట్టిని కొలిచి, మధ్యలోకి సరిగ్గా సరిపోయేలా ఒక అద్దం కోశాడు. మచ్చ లేని అద్దం. గోరు తగిలినా గీరుకోకుండా అంచులు సానపట్టి, అతుకు కూడా కనిపించకుండా నిలబెట్టాడు. ఇటొక రాయి, అటొక రాయి. ఇటొక బల్బు, అటొక బల్బు. చూసినవాళ్ళు మధ్యలో ఏమైనా ఉందా అని వేలు పెట్టి చూశారు. అంత శుభ్రంగా ఉంది.

ఇక కొరకడం కుదరదు కాబట్టి గొడవ తీరిందనుకున్నాం. మేనేజరు మాత్రం పొద్దస్తమానం ఆ అద్దానికే మొహం ఆనించి గోళ్ళతో గీకేది. బొత్తాం తన రాయి వెనక ఇరుకులో దూరి, మొహం గోడవైపు పెట్టుకుని ఉండిపోయింది. బల్బు దానికోసమే వెలుగుతున్నా ఎక్కలేదు. ఆయన సన్నటి పుల్లకు మేత గుచ్చి నోటిదాకా అందించేవాడు. తినేది కాదు. చూస్తుండగానే కళ్ళు లోపలికి పోయాయి, పెంకు మీద తెల్లటి పొర కట్టింది.

భార్య పోరు పెట్టి జంతువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆరా తీయడానికి నేనూ వెంట వెళ్ళాను. ఆవిడ బొత్తాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నెమ్మదిగా చెప్పింది. తాబేలుకు తోడు అక్కర్లేదట. ఒంటరితనమనేది మనకేనట. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునేది ముద్దుకి కాదు, వెచ్చటి చోటు కోసం పోటీకి. గోళ్ళు ఆడించేది నిమరడానికి కాదు, వేధించడానికి. నదిలోనో చెరువులోనో అయితే పారిపోవడానికి చోటుంటుంది, తొట్టిలో ఎక్కడికి పోతుందీ అంది. మధ్యలో అద్దం పెట్టామని ఆయన చెబితే, ఎలాంటి అద్దమని అడిగింది. మామూలు అద్దమే అన్నాడు. అయితే దాన్ని కప్పెయ్యండి, అంది. తనను కొరికింది రోజంతా కళ్ళెదుట కనిపిస్తుంటే ఇది రాయెక్కదు, ఎక్కకపోతే ఒళ్ళు ఆరదు, ఇప్పటికే ఊపిరిలో గురక ఉంది అని హెచ్చరించింది.

ఇంటికొచ్చాక నాతో అన్నాడు, "ముట్టుకునే వీల్లేదు, కరిచే వీల్లేదు. ఉత్త చూపే కదా అక్కా. చూపు కరుస్తుందా?"

భార్య అద్దానికి పాత కాగితం అంటించింది. ఆయన పీకేశాడు. ఆవిడ మళ్ళీ అంటించింది. ఆయన మళ్ళీ పీకేశాడు. నేను మందుల పెట్టె తలుపు ఊడిందన్న వంకతో వెళ్ళేసరికి ఆ రెండో కాగితం ముక్కలు నేల మీద ఉన్నాయి. ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడుతోంది, అందుకే నాకు భయం వేసింది.

"స్నానాల గదికి మసక అద్దం వేయించుకోండి, మామూలుది బాగుండదు అని ఊరందరికీ చెబుతావే. ఆ మాత్రం మరుగు దీనికి వద్దా?"

మూసేస్తే అది ఒక్కత్తే అయిపోతుంది, బెంగతో చచ్చిపోతుంది, అన్నాడాయన. పరదా వేసి ఒకదాన్ని చంపుకున్నాం చాలదా, అనేశాడు.

ఆవిడ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. నేనున్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదో, ఉన్నా లెక్క చేయలేదో తెలియదు. నేను వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు.

"ఆ పరదా నర్సమ్మ వేయలేదు. నీ కూతురు వేయమంది" అంది.

ఆయనకు అర్థం కాలేదు. ఆవిడ ప్రతి మాటా విడివిడిగా చెప్పింది.

"నాన్న అక్కడ నిలబడితే నేను నవ్వుతూనే ఉండాల్సి వస్తోందమ్మా, ఓపిక లేదు, కాసేపు పరదా వేయమనవా, అంది. నేనే నర్సమ్మకు చెప్పాను. పరదా వేశాక గోడవైపు తిరిగి ఏడ్చుకుంది. ఆ తర్వాత హాయిగా పడుకుంది."

కొట్లో అద్దాల నిండా ఆయనే ఉన్నాడు. ఎటు చూసినా తన మొహమే కనిపించినట్టుంది, తల వంచేసుకున్నాడు. అలాగే, "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అని అడిగాడు. "ఎలా చెప్పను" అంది ఆవిడ. అంతే.

ఆయన లేచి, చేతులు మోచేతుల దాకా నీళ్ళలో పెట్టి, తొట్టి మధ్యలోని అద్దాన్ని ఊడదీశాడు. తాబేళ్ళు రెంటినీ వేరువేరు బకెట్లలో పెట్టాడు. అద్దాన్ని కంబళి మీద పడుకోబెట్టి, గరుకు పొడి చల్లి, నీళ్ళు చిలకరించి, చిన్న గాజు పలకతో రుద్దడం మొదలెట్టాడు. గుండ్రంగా, మూలమూలలా. ఆ చప్పుడు మా ఇంటికి మధ్యాహ్నమంతా వినిపిస్తూనే ఉంది. అద్దం మీద గీత పడితే అన్నం సహించని మనిషి, మచ్చ లేని అద్దాన్ని కూర్చుని పాడు చేశాడు. సాయంత్రానికి అది పాలు కలిపిన నీళ్ళలా అయింది. తీసుకెళ్ళి మళ్ళీ మధ్యలో నిలబెట్టాడు.

బొత్తాం వెంటనే ఎక్కలేదు. మూడో నాడో నాలుగో నాడో నేను వెళ్ళేసరికి రాయి మీద ఉంది. మెడ సాచింది. వెనక కాళ్ళు చాపలేదు కానీ కళ్ళు మూసుకుంది.

ఆయన మాత్రం చూడలేదు. బల్లను తిప్పేసి తొట్టికి వీపు పెట్టుకుని కూర్చున్నాడు. మేత వేయడం, నీళ్ళు మార్చడం భార్యకు అప్పగించేశాడు. డాక్టరమ్మ నవ్వి, మీరు మేత పెట్టే మనిషని దానికి తెలుసు, మిమ్మల్ని చూసి భయపడదు అందట. తలూపాడు కానీ బల్ల తిప్పలేదు. ఎదురుగా గోడకు ఆనించిన నిలువుటద్దంలో తొట్టి కనిపిస్తుంటే లేచి దాన్ని కూడా గోడవైపు తిప్పేశాడు. అద్దంలో చూస్తే ఏమవుతుంది, దానికేమైనా తెలుస్తుందా అని నేను అడిగితే, "నాకు అది కనబడితే దానికీ నేను కనబడతాను. అద్దం అంటే అంతే కదా అక్కా" అన్నాడు.

చూడకపోయినా రోజూ పొద్దున్నే కలం చేతిలోకి తీసుకునే ముందు భార్యను అడిగేవాడు.

"ఎక్కిందా?"

"ఎక్కింది."

అప్పుడు గీత గీసేవాడు.

ఆ రోజుల్లోనే నర్సమ్మ మా వీధిన వెళుతుంటే ఆయనే మెట్లు దిగి వెళ్ళి, ఆ ఫొటో ఇంకా ఉందా అని అడిగాడు. ఆవిడ తెచ్చింది. మంచి చట్రం కట్టి, అద్దం వేసి, రెండు చేతులా పట్టుకుని ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో మాత్రం నేను రాబట్టలేకపోయాను.

బొత్తాం కోలుకున్నట్టే కోలుకుంది. మేత తింది, వెనక కాళ్ళు చాపింది. కానీ అన్నాళ్ళు తడిలో నక్కి ఉండడం వల్ల పట్టిన జబ్బు లోపల ఉండనే ఉంది. వానలు మొదలయ్యాక నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు. డాక్టరమ్మ సూదులు వేసింది. ఆయన పని మీద బయటికెళ్ళిన సమయం చూసి భార్యా నేనూ దాన్ని తీసుకెళ్ళి వచ్చేవాళ్ళం. ఒక ఉదయం ఆయన ఎక్కడో కిటికీలు బిగించడానికి వెళ్ళాడు. ఆవిడ వీధిలోకొచ్చి నన్ను చేత్తో పిలిచింది. బొత్తాం రాయి మీదే ఉంది. మెడ సాచి, వెనక కాళ్ళు రెండూ చాపుకుని ఉంది. నేను ముట్టుకుంటే కదల్లేదు.

పెరట్లో పూలమొక్క మొదట్లో గొయ్యి తీశాం. ఆవిడ ఏడవలేదు. మట్టి కప్పి చేతులు కడుక్కుని, "వదినా, ఆయనకు చెప్పను. మీరూ చెప్పకండి" అంది. నా నోటి సంగతి తెలిసి కూడా నన్నే అడిగింది.

ఆయన వచ్చి, కాళ్ళు కడుక్కుని, తొట్టివైపు చూడకుండా బల్ల దగ్గర కూర్చున్నాడు. "ఎక్కిందా?" అన్నాడు. "ఎక్కింది" అంది ఆవిడ. నేను గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను.

అలా రోజులు గడిచాయి. తొట్టిలో ఒక వైపు మేనేజరు తన రాయి మీద, మసక అద్దానికి అవతల ఖాళీ రాయి, దాని మీద వెలుగుతున్న బల్బు. ఆవిడ ఆ సగంలో కూడా నీళ్ళు మార్చేది. ఆయన రోజూ అడిగేవాడు, ఆవిడ రోజూ చెప్పేది. మాటకారి కదా, ఒక్క మాటతో ఊరుకునేది కాదు. ఇవాళ మెడ పూర్తిగా సాచింది, ఇవాళ ఆవులించింది అని కలిపేది.

ఒకరోజు ఆవిడ బజారుకు వెళ్ళిందని చూసుకుని వెళ్ళాను. చెప్పేయాలనే వెళ్ళాను. ఒక పూట తెలియకుండా ఉంచడం వేరు, ఇది వేరు కదా. ఎలా ఎత్తుకోవాలో తెలియక కిటికీ అద్దం గురించీ, వాన గురించీ మాట్లాడుతున్నాను. ఆయన గీత గీసి, కలం పక్కన పెట్టి, నావైపు తిరగకుండానే అన్నాడు.

"బొత్తాం రాయి మీంచి నీళ్ళలోకి దిగేటప్పుడు చిన్న చప్పుడు వచ్చేది అక్కా, మేనేజరుది వేరు. వీపు తిప్పుకుని కూర్చున్నవాడికి ఆ చప్పుడే కదా మిగిలింది."

ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. మొదటి రోజు నుంచీ, అన్నాడు. పెరట్లో మొక్క మొదట్లో మట్టి కూడా చూశానన్నాడు. మరి తెలిసి తెలిసి రోజూ ఎందుకడుగుతున్నావు తమ్ముడూ, అన్నాను.

ఆయన గీసిన చోట అంచు కింద వేళ్ళు పెట్టాడు. అద్దం రెండుగా వచ్చింది. రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి, అంచుల మీద చేత్తో పొడి దులిపాడు.

"అడగడం మానేస్తే మీ మరదలు నాకు చెప్పాల్సి వస్తుంది" అన్నాడు. "ఒకసారి చెప్పింది చాలు."

నేను ఎవరికీ చెప్పలేదు. ఆవిడకు ఆయన సంగతీ చెప్పలేదు, ఆయనకు ఆవిడ సంగతి చెప్పేందుకు ఏమీ మిగల్లేదు. ఇవాళ పొద్దున కూడా మా వరండాలో కూర్చుంటే వినిపించింది.

"ఎక్కిందా?"

"ఎక్కింది. వెనక కాళ్ళు చాపుకుని పడుకుంది."

ఆ తర్వాత కిర్రుమని గీత గీసిన చప్పుడు, ఒక్కటే.